మస్తరు పుస్తకంలో 909 రోజులు

2022 జనవరి మొదట్లో నేను స్టేడియంలో పనికి వచ్చే 31 మందికి ఫోన్లు చేశాను. ఫిబ్రవరి 18న మన వైజాగ్‌లో ఇండియా, వెస్టిండీస్ టీ20 ఉంది, పాసుల కోసం ఆధార్ జెరాక్సు, రెండు ఫొటోలు తెచ్చివ్వండి అని. జనవరి 22న వార్త వచ్చింది. కరోనా మళ్ళీ పెరిగింది కాబట్టి సిరీస్ మొత్తాన్ని అహ్మదాబాద్, కోల్‌కతాల్లోనే ఆడించేస్తున్నారట. మర్నాడు కూర్చుని మళ్ళీ అదే 31 మందికి ఫోన్లు.

రెండోసారి ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కొమ్మాది నుంచి వచ్చే ఒక అప్ప మాత్రం, "ఫొటోలకి ఎనబై రూపాయలైంది బాబూ. అయ్యి పారీకు, మల్లీ మేచ్‌కి పనికొత్తాయి" అంది. పారెయ్యలేదు. హాజరు రాసే మస్తరు పుస్తకం మధ్యలో పెట్టాను.

నా సంగతి చెప్పాలి. మామూలు రోజుల్లో మధురవాడలో ఒక హోల్‌సేల్ కొట్లో లెక్కలు రాస్తాను. పీఎం పాలెం స్టేడియంలో మ్యాచ్ పడితే ఒక క్యాటరింగ్ కాంట్రాక్టరు దగ్గర స్టాళ్ళకి సూపర్‌వైజర్‌ని. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎవరికి ఎంత ఇచ్చాం అన్నది రాసే పుస్తకం నా దగ్గరే ఉంటుంది. సూపర్‌వైజర్ అన్నది పెద్ద మాట. ఆ 31 మందికీ నాకూ ఉన్న తేడా ఏమిటంటే, వాళ్ళు నాకు ఫోన్ చేస్తారు, నేను కాంట్రాక్టరుకి చేస్తాను. ఆయన ఎత్తకపోతే మా అందరిదీ ఒకటే పరిస్థితి.

క్రికెట్ చూడ్డానికి వచ్చేవాళ్ళకి ఈ పని కనపడదు. డే-నైట్ మ్యాచ్ అంటే పొద్దున ఏడింటికల్లా గేటు దగ్గర ఉండాలి. పోలీసు చెకింగ్ అయ్యేసరికి గంట. ఆ తర్వాత నీళ్ళ కేసులు మొయ్యడం, సమోసా ట్రేలు దింపుకోవడం, కౌంటరు కట్టుకోవడం. మా స్టాళ్ళు స్టాండ్ కిందుంటాయి. నెత్తిమీద వేలమంది కూర్చుంటారు, మాకు మాత్రం గ్రౌండ్ కనపడదు. ఆట మాకు చప్పుడుగానే తెలుస్తుంది. సిక్స్ కొడితే కేక మెల్లగా లేచి పెద్దదవుతుంది, బంతి గాల్లో ఉన్నంతసేపూ పెరుగుతుంది. వికెట్ పడితే ఒక్కసారిగా పగులుతుంది. మనవాడు అవుటైతే ఏ చప్పుడూ ఉండదు, రెండు నిమిషాల్లో జనం టీలకి దిగిపోతారు. కొమ్మాది అప్పకి బ్యాట్స్‌మన్ పేర్లు తెలియవు గానీ, పైన చప్పుడు ఆగితే చాలు, కప్పులు వరసగా పేర్చేస్తుంది.

2019 డిసెంబరు 18న కప్పులు పేర్చే తీరికే లేదు. వెస్టిండీస్‌తో వన్డే. రోహిత్ 159, రాహుల్ 102, మనవాళ్ళు 387 కొట్టారు. తర్వాత కుల్దీప్ హ్యాట్రిక్. ఆ మూడో వికెట్‌కి స్టాండ్ ఊగితే మా కౌంటరు మీద చిల్లర డబ్బా కింద పడింది. రాత్రి పదకొండు దాటాక అందరికీ డబ్బులిచ్చి, మస్తరులో సంతకాలు, వేలిముద్రలు తీసుకున్నాను. మా కుర్రాళ్ళకి 500, హౌస్‌కీపింగ్ ఆడవాళ్ళకి 400. ఆ పేజీ తర్వాత పేజీలో ఉన్న తారీఖు 2022 జూన్ 14. మధ్యలో 909 రోజులు.

నిజమే, ఈ పని మీదే ఎవరి ఇల్లూ నడవదు. 2019 మాకు మంచి సంవత్సరం. ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా టీ20, మేలో రెండు ఐపీఎల్ ప్లేఆఫ్‌లు, అక్టోబరులో దక్షిణాఫ్రికాతో అయిదు రోజుల టెస్టు, డిసెంబరులో ఈ వన్డే. వెరసి తొమ్మిది రోజులు. తొమ్మిది రోజుల కూలీ పోతే గొడవేమిటని అడిగేవాళ్ళున్నారు. మా కొట్టు యజమానే అడిగాడు. ఆయనకి చెప్పిందే ఇక్కడా చెబుతాను. స్టేడియం పనికి వచ్చేవాళ్ళు ఒక్క స్టేడియం పనే చెయ్యరు. అదే కుర్రాడు కళ్యాణ మండపంలో వడ్డనకి వెళ్తాడు, బీచ్ రోడ్డులో పరుగు పందేలకి నీళ్ళ టేబుల్ దగ్గర నిలబడతాడు, కబడ్డీ పోటీలకి మ్యాట్లు మోస్తాడు, ఎగ్జిబిషన్‌లో టికెట్లు చింపుతాడు. ఇవన్నీ కలిస్తేనే వాడికి నెల. ఈ పనులన్నిటికీ కావలసింది ఒక్కటే, జనం ఒకచోట గుమిగూడటం. కరోనా నిషేధించింది సరిగ్గా దాన్నే. ఒక పని పోతే ఇంకో పని చూసుకోవచ్చు. వీళ్ళకి అన్ని పనులూ ఒక్కరోజే పోయాయి.

ఆ రోజు ఉగాది. 2020 మార్చి 25. పచ్చడి తిని ఫోన్ చేతిలోకి తీసుకుంటే అప్పటికే తొమ్మిది మిస్డ్ కాల్స్. అడిగింది క్రికెట్ గురించి కాదు, పెళ్ళిళ్ళ గురించి. "ఏటి బాబూ, లగ్గాలుంటాయా?" ఏం చెప్పను. ఏప్రిల్ మొదటి వారంలో రేషన్ కార్డు ఉన్న ఇళ్ళకి వాలంటీర్లు వచ్చి వెయ్యి రూపాయలిచ్చారు, బియ్యం, పప్పు వచ్చాయి. ఆ మేరకు ఆకలి లేదు. కానీ అద్దె ఉంది, ఫైనాన్స్ మీద తీసుకున్న బండి వాయిదా ఉంది, ఫోన్ రీచార్జ్ ఉంది. ఫోన్ లేకపోతే పని పిలుపు రాదు కాబట్టి పని లేకపోయినా రీచార్జ్ తప్పదు. ఈ ఖర్చు ఎవరి లెక్కలోనూ ఉండదు.

మార్చి 29న కేంద్ర హోం శాఖ ఒక ఆర్డరు ఇచ్చింది. లాక్‌డౌన్‌లో సంస్థలు మూసి ఉన్నా కార్మికులకి జీతం కొయ్యకుండా ఇవ్వాలని. ఎవరో వాట్సాప్‌లో పంపితే మా గ్రూపులో ఒక కుర్రాడు ఆశగా అడిగాడు, "అన్నా, ఇది మనకీ వస్తాదా?" రాదు. ఎందుకు రాదో వాడికి చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. నీకు జీతం ఇవ్వాలంటే ముందు నువ్వు ఎవరో ఒకరి కార్మికుడివై ఉండాలి. ఏప్రిల్‌లో మ్యాచ్ లేదు కాబట్టి ఏప్రిల్‌లో నువ్వు ఎవరి కార్మికుడివీ కాదు. ఆ ఆర్డరు కూడా మే 18 నుంచి అమల్లో లేకుండా పోయిందనుకోండి.

ఇంతకీ వీళ్ళు ఎవరి మనుషులు? మ్యాచ్ పెట్టేది క్రికెట్ సంఘం. ఏర్పాట్లు ఒక ఈవెంట్ కంపెనీకి. తిండి, నీళ్ళు, ఊడ్చే పనులు తలా ఒక కాంట్రాక్టరుకి. కాంట్రాక్టరు కింద నాలాంటివాడు. నా కింద వీళ్ళు. ఎవర్ని అడిగినా "పైనుంచి బిల్లు పాస్ అవ్వాలి" అంటారు. అందరూ నిజమే చెబుతారు, అదే దీంట్లో గమ్మత్తు. మా కాంట్రాక్టరు చెడ్డవాడు కాదు. లాక్‌డౌన్‌లో రెండు వ్యాన్లు అమ్ముకున్నాడు. ఆయన్ని పట్టుకుని 31 మందికి కూలీ ఇమ్మంటే ఇవ్వగలడా?

చట్టం ఏమంటుందో తర్వాత నేనే చదివాను. మాకు తెలిసిన వకీలు గారొకరు పుస్తకం ఇచ్చారు. అప్పటికి అమల్లో ఉన్న 1970 నాటి కాంట్రాక్ట్ లేబర్ చట్టంలో ఒక మంచి మాట ఉంది. కాంట్రాక్టరు కూలీ ఎగ్గొడితే అసలు పని చేయించుకున్న యజమానే కట్టాలి. చదివి ఆనందపడ్డాను. రెండు పేజీలు వెనక్కి తిప్పితే మొదటి సెక్షన్‌లోనే మెలిక. అప్పుడప్పుడూ మాత్రమే జరిగే పనికి ఈ చట్టం వర్తించదు. అప్పుడప్పుడూ అంటే ఎంత? ఏడాదిలో 120 రోజులకి మించి జరిగితే దాన్ని అప్పుడప్పుడూ అనకూడదట, సీజన్ పనికైతే 60 రోజులు. మాది తొమ్మిది.

అంటే, పని ఎంత నికరం లేనిదైతే రక్షణ అంత తక్కువ. గొడుగు ఎండ కాసే రోజుకే అన్నట్టు. ఈ తిరకాసు గురించే ఈ వ్యాసం రాస్తున్నాను, మిగతాదంతా మీకు తెలిసిందే.

2020 సెప్టెంబరు 19న ఐపీఎల్ యూఏఈలో మొదలైంది. స్టేడియాలు ఖాళీ. మా అబ్బాయి ఫోన్లో చూస్తుంటే నేను వంటింట్లో ఉండి విన్నాను, సిక్స్ కేక. అదే, మెల్లగా లేచి పెద్దదయ్యే కేక. పరిగెత్తుకెళ్ళి చూస్తే స్టాండ్స్‌లో పురుగు లేదు. చప్పుడు రికార్డింగ్ నుంచి వేస్తున్నారని వాడు చెప్పాడు. జనం లేకపోయినా జనం కేక కావాల్సి వచ్చింది, అది దొరికింది కూడా. ఆ కేక కింద నిలబడి టీ పోసేవాళ్ళు మాత్రం అక్కర్లేకపోయారు. కోపం కూడా రాలేదు ఆ రోజు, అదోలా అనిపించింది.

"కరోనాలో అందరూ నష్టపోయారు" అనే మాట నాకు ఎక్కనిది అందుకే. ఆ ఏడాది ఐపీఎల్‌కి ఒక్క టైటిల్ స్పాన్సర్ కట్టిందే 222 కోట్లు. ఆట ఆగలేదు, టీవీ డబ్బు ఆగలేదు. ఆగింది గేటు దగ్గర దొరికే కూలీ. కబడ్డీ లీగ్ కూడా అంతే. ఒక ఏడాది ఆపి, 2021 డిసెంబరులో మొదలుపెట్టినప్పుడు మొత్తం పోటీలన్నీ బెంగళూరులో ఒక హోటల్ గోడల మధ్యే ఆడించేశారు. ప్రేక్షకులు లేని ఆటకి అన్నీ ఉంటాయి, మేం తప్ప.

ఇంకొకటి. 2020-21లో రంజీ ట్రోఫీ జరగలేదు, 87 ఏళ్ళలో మొదటిసారి. ఆడే అవకాశం పోయిన దేశవాళీ క్రికెటర్లకి బోర్డు 2021 సెప్టెంబరులో పరిహారం ప్రకటించింది. అంతకుముందు సీజన్‌లో ఆడినవాళ్ళకి ఆ మ్యాచ్ ఫీజులో మరో 50 శాతం. చాలా న్యాయమైన పని, రంజీ ఆటగాళ్ళలోనూ కష్టాల్లో ఉన్న కుర్రాళ్ళు చాలామంది. నేను చూసేది ఆ నిర్ణయం వెనకున్న ఆలోచన. జరగని మ్యాచ్‌కి డబ్బెందుకు అని ఎవరూ అనలేదు. ఆడాల్సినవాడు సిద్ధంగా ఉన్నాడు, మ్యాచ్ జరగకపోవడం వాడి తప్పు కాదు, కాబట్టి కొంత ఇద్దాం అన్నారు. ఇదే ఆలోచన బౌండరీ తాడు దాటి మా స్టాల్ దాకా రావడానికి అడ్డేమిటి? రంజీ ఆటగాడి పేరు స్కోరు పుస్తకంలో ఉంది, మా అప్ప పేరు నా మస్తరులో ఉంది. ఒక పుస్తకానికి విలువుంది, ఇంకోదానికి లేదు.

అమెరికాలో ఏం చేశారో కూడా ఆ రోజుల్లోనే చదివాను. 2020 మార్చి 11 రాత్రి అక్కడి ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ లీగ్ సీజన్ ఆపేసింది. అదే రాత్రి డల్లాస్ జట్టు యజమాని మార్క్ క్యూబన్, గంటల లెక్కన పనిచేసే మా స్టేడియం వాళ్ళని ఆదుకునే దారి చూస్తున్నామని చెప్పాడు. తర్వాత ఆటగాళ్ళు ముందుకొచ్చారు. క్లీవ్‌లాండ్‌లో కెవిన్ లవ్ లక్ష డాలర్లు. న్యూ ఆర్లీన్స్‌లో జయాన్ విలియమ్సన్ అయితే తమ స్టేడియం సిబ్బందికి నెల రోజుల జీతాలు తానే ఇస్తానన్నాడు. వాడికి అప్పటికి 19 ఏళ్ళు! చదివి కళ్ళు చెమర్చాయి. కాకపోతే కాస్త ఆలోచిస్తే అక్కడా అది దానధర్మమే. పంతొమ్మిదేళ్ళ కుర్రాడికి జాలి కలిగింది కాబట్టి అన్నం దొరికింది. కలగకపోతే?

దాతల కోసం మనం అమెరికా దాకా వెళ్ళక్కర్లేదు, ఆ పద్ధతి మనకీ బాగానే తెలుసు. దానం కాకుండా హక్కుగా ఇచ్చిన ఏర్పాటు ఒకటి ఇదే ఊళ్ళో ఉండేది. మా తాత దాంట్లోనే బతికాడు.

తాత పోర్టులో కలాసీ. ఓడలోకి సరుకెక్కించే గ్యాంగు. ఓడ కూడా మ్యాచ్ లాంటిదే, వస్తుందంటారు, గాలివాన పడితే రాదు. మొదట్లో పొద్దున్నే గేటు దగ్గర గుంపుగా నిలబడితే మేస్త్రీ వచ్చి "నువ్వు, నువ్వు" అని వేలు చూపించేవాడట. మేస్త్రీకి నచ్చనివాడు ఆ రోజుకి ఖాళీ. 1948లో డాక్ కార్మికుల చట్టం వచ్చింది. దాని కింద విశాఖలోనూ డాక్ లేబర్ బోర్డు పెట్టారు. పేర్లు రిజిస్టరు చేసి కార్డులిచ్చారు. వంతుల ప్రకారం పని. అన్నిటికన్నా ముఖ్యం, కార్డున్నవాడు వచ్చి హాజరు వేయించుకుంటే, ఆ రోజు ఓడ లేకపోయినా ఎంతో కొంత చేతిలో పెట్టేవారు. అటెండెన్స్ మనీ అనేవారు. సరుకు ఎక్కించే స్టీవ్‌డోర్ కంపెనీల దగ్గర, కట్టే కూలీ మీద ఇంత శాతం అని వసూలు చేసి ఆ ఖర్చు నడిపేవారు. ఒక కంపెనీకి భారం కాదు, ఒక దాత దయా కాదు. "ఓడ రాకపోయినా మీ తాత వొట్టి చేతుల్తో రాలేదురా" అని మా నాయనమ్మ అనేది. ఆ వాక్యంలో ఎంత ఉందో నాకు 2020 దాకా అర్థం కాలేదు.

ఆ ఏర్పాటులో లోపాలూ ఉన్నాయి. కార్డు లేనివాళ్ళు బయటే ఉండిపోయారు, కార్డున్నవాళ్ళు వాళ్ళని దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు. మా తాతా అందుకు మినహాయింపు కాదు. యంత్రాలొచ్చాయి, కంటెయినర్లొచ్చాయి, బోర్డు చివరికి పోర్టు ట్రస్టులో కలిసిపోయింది. అయినా ఒక సంగతి రుజువైంది. పని నికరం లేనిదైనా మనిషి బతుకు నికరంగా ఉండేలా చెయ్యొచ్చు. పేరు రాసుకోవాలి, ఆ పనితో లాభపడే ప్రతివాడి దగ్గరా కాస్త తీసుకోవాలి.

మా స్టేడియంలో సుమారు 27,500 మంది పడతారు. టికెట్ మీద పది రూపాయలు వేస్తే నిండిన మ్యాచ్‌కి 2 లక్షల 75 వేలు. 2019లో టెస్టు పక్కన పెట్టినా నాలుగు మ్యాచ్‌లు, 11 లక్షలు. మనిషికి 500 చొప్పున 2,200 రోజుల కూలీ. ఆ డబ్బు 909 రోజులు ఎవర్నీ పోషించదు, ఆ భ్రమ నాకు లేదు. కానీ ఫిబ్రవరి 18 లాంటి రోజుకి, పిలిచి వద్దన్న రోజుకి, హాయిగా సరిపోతుంది. టీవీ హక్కుల్లోంచి చిన్న వాటా కలిస్తే ఇంకొన్నాళ్ళకి సరిపోతుంది. కట్టడం పనుల మీద ఒక శాతం సెస్సు వేసి భవన కార్మికుల బోర్డులు నడపడం లేదా? 2020 నాటి సామాజిక భద్రత కోడ్‌లో, యాప్‌ల కింద పనిచేసేవాళ్ళ కోసం ఆ కంపెనీల టర్నోవర్‌లో ఒకటి నుంచి రెండు శాతం తియ్యాలని రాసుకోలేదా? బిర్యానీ ఇంటికి తెచ్చే కుర్రాడికి చట్టంలో ఒక పేరు దొరికింది. అదే బిర్యానీ స్టాండ్‌లో అందించే కుర్రాడికీ ఒకటి వెతకొచ్చు.

టికెట్ రేటు పెరుగుతుందని మీరంటారు. బ్లాక్‌లో మూడింతలు పెట్టి కొన్నవాళ్ళని నేను గేటు దగ్గరే చూశాను, పది రూపాయల గురించి నాతో వాదించకండి.

2022 జూన్ 14న దక్షిణాఫ్రికాతో టీ20 పడింది. పుస్తకం తీసి మళ్ళీ 31 ఫోన్లు. వచ్చింది 14 మంది. అచ్యుతాపురం, పరవాడ వైపు కంపెనీల్లో చేరినవాళ్ళు కొందరు, హైదరాబాద్ వెళ్ళిపోయినవాళ్ళు కొందరు. మ్యాట్లు మోసే కుర్రాడు ఫుడ్ డెలివరీ చేస్తున్నాడు. నీళ్ళ కేసులు మోసే పెద్దాయన నంబరుకి చేస్తే కూతురు ఎత్తింది. 2021 మేలో పోయారట. నేను ఏం చెయ్యాలో తెలియక "పాస్ తీసేస్తానమ్మా" అన్నాను. ఎందుకలా అన్నానో ఇప్పటికీ తెలియదు. కొమ్మాది అప్ప ఫొటోలు మాత్రం పుస్తకంలో భద్రంగా ఉన్నాయి, వాటినే అంటించాను.

ఆ మరుసటేడు, 2023 మార్చి 19న, ఆస్ట్రేలియాతో వన్డే. ఎనిమిది గంటల పైన జరగాల్సిన మ్యాచ్. మనవాళ్ళు 26 ఓవర్లలో 117కి అవుట్, వాళ్ళు 11 ఓవర్లలో కొట్టేశారు. దీపాలు పెట్టే వేళకి ముందే అయిపోయింది. సగం సమోసాలు మిగిలిపోయాయి. కాంట్రాక్టరు తల పట్టుకుని, "సగం రోజే కదా పని, మూడొందల చొప్పున ఇచ్చి పంపేయ్" అన్నాడు. ఈసారి ఊరుకోలేకపోయాను. 2019 వన్డేకి రాత్రి పన్నెండయ్యింది, ఎక్స్‌ట్రా ఏమైనా ఇచ్చామా అని అడిగాను. లేటయితే రోజు లెక్క, తొందరగా అయితే గంట లెక్కా? ఏదో ఒకటి చెప్పండి అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పూర్తి కూలీ ఇచ్చాడు, నా మీద చిరాకుతోనే.

ఆ రాత్రి ఇంటికొచ్చి మస్తరు పుస్తకంలో ప్రతి పేజీకీ స్కేలుతో రెండు గీతలు గీశాను. వచ్చిన టైం, వెళ్ళిన టైం. తర్వాతి మ్యాచ్‌కి అప్ప దగ్గర వేలిముద్ర తీసుకుంటూ ఎన్నింటికి వెళ్తున్నావప్పా అని అడిగాను. పదకొండున్నర దాటింది, హైవే మీద ఆటోవాళ్ళు రెండొందలు అడుగుతున్నారు.

"ఎల్లిన టైము రాస్తే ఏటి లాబం బాబూ," అంది. "బస్సు దొరికిన టైము రాయి."